బావ వయసు

ఇసిక్-కుల్ ఒడ్డు, 1916 నవంబరు

ఉమ్సునాయ్ అక్కకు,

కనుమ దాటి చైనా చేరిన వాళ్ళలో నువ్వున్నావని ఒంటెల వర్తకుడొకడు చెప్పాడు. బావ మంచులోనే పోయాడని కూడా చెప్పాడు.

జార్ యుద్ధంలో కందకాలు తవ్వేందుకు మన జిల్లా నుంచి పంపే మనుషుల జాబితా రాసింది నేనే. నలభై మూడేళ్ళు దాటిన వాళ్ళను వదిలేయాలి. బావకు నలభై ఆరు. కానీ మన తెగ పెద్ద తన తమ్ముడి పేరు కొట్టేయించి, "లెక్క తగ్గకూడదు. మీ బావకి నలభై అని రాయి, లేదంటే నువ్వే బయల్దేరు" అన్నాడు. రాశాను.

"నా గడ్డం తెల్లబడింది వాళ్ళకి కనబళ్ళేదటరా, బామ్మర్దీ?" అని బావ నవ్వుతూ అడిగితే, రష్యన్ల తప్పు అన్నాను. అది నమ్మే మీరు మర్నాడు గుడారం పీక్కుని కొండలెక్కారు.

ఇప్పుడు పారిపోయిన వాళ్ళ భూములు వలస వచ్చిన రైతులకు ఇస్తారట. పారిపోయిన వాళ్ళ జాబితా రాసే పని కూడా నాకే అప్పగించారు. అందులో నీ పేరు రాయలేదు. ఎవరైనా అడిగితే నువ్వు కొండమీద మందల దగ్గర ఉన్నావని చెబుతాను. మంచు కరిగాక పిల్లల్ని తీసుకుని రా. మీ మేతభూమి మీకుంటుంది. నా గుడారం వైపు తిరిగి చూడకపోయినా ఏమీ అనుకోను.

నీ తమ్ముడు