పది మీటర్ల పైనుంచి

అమ్మా, నీ ఫేబీ వందనాలు. ఫోన్లు ట్రైనింగ్ వాళ్ల దగ్గరే ఉన్నాయి, అందుకే మళ్లీ కార్డు.

నిన్న పది మీటర్ల ఎత్తు నుంచి ఈత కొలనులోకి దూకమన్నారు. దూకలేకపోతే నేవీలో చోటు లేదు. పైకెక్కితే నువ్వన్న మాటే చెవిలో మోగింది: "మీ నాయన్ని మింగిన సముద్రం మీదికే పోతావా మే?" సార్ మూడోసారి పిలిచాక కళ్లు మూసుకుని దూకేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంగతి తెలుగులో చెప్పుకోవడానికి ఇక్కడ ఒక్కరూ లేరు. యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ ఏడ్చాను.

మోకాళ్లు కోట ఊరి ఆస్పత్రిలో చూపించావా? రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడకు. బెన్హర్ మామకు, చర్చిలో అందరికీ వందనాలు చెప్పు.

నా ముందు రెండు కార్డులకూ నువ్వు జవాబు రాయలేదు. కోపం పోయేదాకా ఆగకమ్మా, కోపంగానే రాయి.

నీ ఫేబీ