ఆకాశం నల్లగా ఉన్నందున ఫైలు మూసివేయబడినది

వీధిదీపాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మేడ పక్కనున్న పెద్ద దీపమునకు మా వైపు రేకు అడ్డు బిగించుట గురించి మూడవ అర్జీ.

మొదటి రెండు అర్జీలు ఎంత వినయముగా వ్రాసితినో తమకు తెలియును, చదివి ఉంటే. ఈసారి వినయం కొంచెం తగ్గవచ్చును, మన్నించగలరు.

1. నా భర్త ప్రింటింగ్ ప్రెస్సులో రంగులు కలిపే పని చేసి విరమించినవారు. మేడ మీద చిన్న టెలిస్కోపుకు కెమెరా తగిలించి నెబ్యులాలను, అనగా నక్షత్రాల నడుమ ఉండే వాయుమేఘాలను, ఫొటోలు తీయుట వారి సరదా. ఒకే మేఘాన్ని వందల సార్లు తీసి, అన్నిటినీ కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చి, రంగు బయటికి లాగుదురు. ఇప్పుడు తీయుచున్న మేఘం చలికాలంలోనే మా మేడకు అందును. తమరు ఆ దీపం పాతించిన నాటి నుండి ఫొటోలో ఒక మూల చిన్న ముక్క తప్ప, తక్కినదంతా నారింజ రంగే.

2. వారికి చూపు అంచుల నుండి లోపలికి తగ్గిపోవుచున్నది. "చూడాలనుకున్నవి ఈ ఏడాదే చూసేయండి" అని కంటి డాక్టరు గారు చెప్పినారు. ఆయన చూడాలనుకున్నది ఆ మేఘాన్నట, నిండుగా. నన్ను చూడాలంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, అది వేరే విషయం.

3. మొదటి అర్జీపై తమ ఇన్‌స్పెక్టరు గారు పట్టపగలు తనిఖీకి విచ్చేసి, "దీపం వెలగడం లేదు కదమ్మా" అని రాసుకుని వెళ్లినారు. రాత్రి రమ్మంటే అది తన డ్యూటీ కాదన్నారు.

4. రెండవ అర్జీకి ఫొటో సాక్ష్యం జతపరచమన్నారు. ఇక్కడే మా కొంప మునిగినది. పాడైన ఫొటోను ఉన్నదున్నట్టు పంపమని నా భర్తకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన ఆ మిగిలిన ముక్కనే కత్తిరించి, కళ్లు నీళ్లు కారుతున్నా కంప్యూటరు వదలకుండా దీపం వెలుతురంతా తుడిచి, నల్లని ఆకాశంలో మేఘాన్ని ఎర్రగా తేల్చి పంపినారు.

"ఇదేంటండీ? దీపం వల్ల పాడైందనే కదా మనం చెప్పాల్సింది?" అన్నాను.

"అంత మురికి ఫొటో నా చేతి మీదుగా ఆఫీసుకు పంపుతానా? నా పరువేం కావాలి?" అన్నారు.

తమ జవాబు వచ్చినది: "జతపరచిన ఫొటోలో ఆకాశం నల్లగా, స్పష్టంగా ఉన్నందున దీపము వలన ఇబ్బంది లేదని తేలినది. ఫైలు మూసివేయబడినది."

ఆ ఫొటో ఇప్పుడు తమ బల్ల అద్దం కింద ఉన్నది. "సార్‌కి తెగ నచ్చిందమ్మా, ఇలాంటిది ఇంకోటి ఉంటే ఇమ్మన్నారు" అని తమ గుమాస్తా అడిగినాడు. ఉంటే ఇవ్వనా? ఒళ్లు మండిపోయింది అయ్యా.

5. కావున ఈసారి తుడవని ఫొటో, ఆయనకు తెలియకుండా, జతపరిచాను. ఇందులో తమకేమీ కనిపించదు. మాకూ అంతే. రేకు లేదంటే మా ఇంట్లో పాత నూనె డబ్బా ఉంది, నేనే కత్తిరించి ఇస్తాను.

ఫొటో చూసే ముందు అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రంగుల మేస్త్రీ భార్య

తా.క.: ఇది మడిచిపెట్టి మేడ మీదికి వెళ్లాను. దీపం ఎప్పటిలాగే మండుతోంది. ఆయన తల పైకెత్తి కూర్చుని ఉన్నారు.

"ఇవాళ ఆకాశం ఎంత నల్లగా ఉందో చూడవే. రేకు పెట్టేసినట్టున్నారు, ఈ పక్క వెలుతురే లేదు."

దీపం ఆయన కుడి పక్కనే ఉంది. ఆ పక్క చూపు పోయిందని ఆయనకింకా తెలీదు. నాకు అప్పుడే తెలిసింది.

"అవునండీ, పెట్టారు" అన్నాను.

"మంచివాళ్లేనని నేను చెప్పలా? థాంక్స్ చెప్తూ ఓ ఉత్తరం రాయి."

కెమెరా బాగుచేతకు ఇచ్చాం, గురువారం సాయంత్రం వస్తుంది. అది పెట్టి తీశారంటే నారింజ రంగే వస్తుంది. దీపం ఉందనీ, తన చూపు లేదనీ రెండూ ఒక్కసారే తెలుస్తాయి. ఆ రోజు పొద్దున ఆయన్ని కంటాసుపత్రికి తీసుకెళ్తున్నాను, మధ్యాహ్నం దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. ఆలోపు రేకు బిగించి, నిచ్చెన తీసుకుని వెళ్లిపోండి. నా సంతకం కోసం ఆగొద్దు. ఆయన రాయమన్న థాంక్స్ ఉత్తరం శుక్రవారం నేనే తెచ్చి ఇస్తాను.