మంజూరైన ఫోను వద్దని మనవి

కొత్తపేట,
10-8-1988.

టెలిఫోన్ల డివిజనల్ ఇంజనీరు గారి సముఖమునకు, కొత్తపేట నివాసి, విశ్రాంత లైబ్రేరియన్ పట్టాభి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: అనారోగ్య కారణంగా వరుస తప్పించి నాకు మంజూరు చేసిన టెలిఫోను కనెక్షన్‌ను, అదే అనారోగ్య కారణంగా రద్దు చేయుట గురించి.

తమరు పై వాక్యాన్ని రెండుసార్లు చదివి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతివాడూ ముందు ఫోనుకు దరఖాస్తు పెట్టి, తరువాత పునాది తీసే రోజులివి. వచ్చిన ఫోను వద్దనేవాడి మతి మీద అనుమానం రావడం సహజం. నా జబ్బు ప్రోస్టేటు గ్రంథిలో ఉంది. మతికి ఇంకా సోకలేదు. కారణాలు మనవి చేసుకుంటున్నాను.

1. నాకు క్యాన్సరు. నిరుడు ఆపరేషన్ చేసి మాత్రలిచ్చారు. ఆ మాత్రలకు ఛాతీ పెరిగి చొక్కాలు బిగువయ్యాయి. నాకు గుండె లేదని ఇన్నాళ్లూ చెప్పుకున్న బంధువులు ఇప్పుడు ఎదురుపడితే చూపు తిప్పుకుంటున్నారు. మందు పనిచేస్తున్నదీ లేనిదీ రక్తపరీక్షలో ఒక అంకె చెబుతుంది. అది మొదట దిగింది. తరువాత ఎక్కడం మొదలుపెట్టింది.

2. ల్యాబు మలక్‌పేట అవతల ఉంది. రక్తమివ్వడానికి ఒకసారి, ఫలితానికి ఇంకొకసారి బస్సెక్కాలి. మూసారాంబాగ్ దాటిన దగ్గర నుంచి, ఎక్కడైనా ఒక్క నిమిషం ఆపమని కండక్టరును బతిమాలుకోవడమే నా బోటి రోగికి ప్రయాణం. అందుచేత ల్యాబువారు ఫలితం ఫోనులో చెబుతామన్నారు. ఫోను లేనివాళ్లంతా చేసేదే నేనూ చేశాను. పక్కింటి నంబరు రాసి, నన్ను పిలిచి చెప్పాలన్న గుర్తుగా దాని పక్కన 'పి.పి.' అని పెట్టాను.

3. పక్కింటాయన పేరు జంగయ్య. మా కాలనీ ఒకప్పుడు వాళ్ల ద్రాక్షతోట. ప్లాట్లు చేసి అమ్మేసినా, అమ్మినట్టు ఆయనకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. అందుకే తన ప్రహరీని నా స్థలంలోకి ఒక అడుగు జరిపి కట్టాడు. (ఈ అంశంపై నా అర్జీలు వేరే శాఖల్లో భద్రంగా నిద్రిస్తున్నాయి.) ల్యాబు నుంచి ఫోను రాగానే ఆయన ఆ ప్రహరీ దగ్గరికి వచ్చి వీధంతా వినేట్టు అరిచేవాడు.

"పట్టాభి సారూ! ఫోనొచ్చింది! అంకె దిగిందంట! పండుగ జేస్కో!"

ఇస్త్రీ బండివాడు కూడా నన్ను అభినందించాడు. తరువాతిసారి:

"జర పెరిగిందంట సారూ! మన ప్లాట్ల రేటు లెక్కనే!"

నేను గోడ దగ్గరకు వెళ్లాను. "ఏమయ్యా జంగయ్యా, నా రక్తానికి కూడా బోర్డు పెట్టి అమ్ముతావా? మెల్లగా చెప్పలేవూ?"

"మెల్లగ జెప్పనీకి గోడ అడ్డమున్నది గద సారూ!"

"ఆ గోడ కట్టిందెవరు?"

"ఇగ షురూ జేసిండు," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే నేను సొంత ఫోను కోసం తమకు మొదటి అర్జీ పెట్టాను. అందులో జంగయ్యకు వాడిన విశేషణాల కోసం నిఘంటువులు గాలించాను. వాటిలో చాలా భాగం నేటికీ వర్తిస్తాయి.

4. కిందటి నెల ఫలితం రావలసిన రోజున కేక వినపడలేదు. జంగయ్య గేటు తీసుకుని లోపలికి వచ్చాడు, చెప్పులు విప్పాడు, వరండాలో నా పడక్కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఆయన మా ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. నా భార్య వేదవతి వచ్చి, "కాఫీ తాగుతారా అన్నయ్యగారూ?" అంది.

"తాగుతనమ్మా."

గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. అప్పుడు, పక్కనున్న నాకే సరిగా వినపడనంత మెల్లగా చెప్పాడు. "సారూ, బాగనే పెరిగింది. పరేషాన్ గాకు. రేపు నా స్కూటర్ మీద డాక్టరు తానికి పోదాం. నడుమల నువ్వు ఏడ ఆపమంటే ఆడ ఆపుత."

బస్సుంది గదా అనబోయాను. "పెందలాడే రండి, టిఫిన్ చేసి వెళ్దురు గాని," అని వేదవతే తేల్చేసింది. దారిలో ఆయన చాలాచోట్ల ఆపాడు. ప్రతిచోటా నాకు వీపు తిప్పి నిలబడి, ఎవరూ అడగకపోయినా ఆ పక్క ప్లాట్ల చరిత్ర చెప్పాడు. డాక్టరు మందు మార్చారు. మళ్లీ రక్తమిచ్చాను. ఫలితం శుక్రవారం.

5. సరిగ్గా ఇప్పుడు తమ మంజూరు ఉత్తర్వు వచ్చింది. ఫోను మా ఇంటికి వస్తే ల్యాబు కుర్రవాడు అంకె చెప్పి పెట్టేస్తాడు. వినడానికి నాకు ధైర్యముంది. విన్నాక రిసీవరు పెట్టేసి, వంటింట్లో ఉన్న వేదవతి వైపు ఒక్కణ్ణే తిరగడానికి లేదు.

కావున సదరు కనెక్షన్‌ను రద్దు చేసి, వరుసలో తరువాత ఉన్న అదృష్టవంతునికి ఇప్పించ ప్రార్థన.

చిత్తగించవలెను, నవ్వవలసి వస్తే తలుపు వేసుకుని నవ్వవలెను.

తమ విధేయుడు
(ఈ ఒక్క అర్జీ వరకు),
పట్టాభి

తా.క.: పోస్టు చేయబోతుంటే జంగయ్య వచ్చి, చదివి వినిపించమన్నాడు. తిట్టిన చోట్ల కూడా ఆగకుండా చదివాను.

"గిదేంది సారూ, పిచ్చా? ఫోను పెట్టిచ్చుకో. ల్యాబుల నా నంబరే ఉండనీ. అంకె నా తానికొస్తది, నేను నీ తానికొస్త."

లోపల నుంచి వేదవతి: "పొద్దున నేనూ అదే చెప్పాను అన్నయ్యగారూ, వినిపించుకుంటేనా!"

కనుక పై అర్జీని లేనట్టే భావించి, ఫోను శుక్రవారంలోగా పెట్టించవలసిందిగా కోరుచున్నాను. ఫోను రాగానే మొదట జంగయ్యకే చేస్తాను. ఏం మాట్లాడాలో ఇంకా తోచలేదు; తిట్టుకోవడం తప్ప మా ఇద్దరికీ వేరే అలవాటు లేదు.