ఆర్షియా మీది నిషేధాన్ని నా మీదికి మార్చుట గురించి

క్రీడాకారుల ప్రవర్తన విచారణ విభాగం, అధికారి గారి సముఖమునకు,

జమ్మలమడుగు నివాసి, విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు బాలసుబ్రహ్మణ్యం నమస్కరించి పెట్టుకొను మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: విదేశీ పోటీలలో అనుచితంగా ప్రవర్తించినదని కుమారి ఆర్షియాపై విధించిన రెండేళ్ల నిషేధమును రద్దు చేసి, సదరు అనుచిత ప్రవర్తనకు అసలు కర్తనైన నాపై విధించుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను ఇదివరకు పెట్టుకున్న రెండు అర్జీలు. (వాటిలో ఉన్నది పూర్తి నిజం కాదు. కనుక తమరు వాటిని ఇంకా చదవకపోయి ఉంటే నష్టమేమీ లేదు.)

తమ కార్యాలయానికి శిక్ష తగ్గించమని అర్జీలు వచ్చుట పరిపాటి. ఇది శిక్ష వేయమని వచ్చినది కనుక ఏ ఫైలులో పెట్టవలెనో సిబ్బందికి తోచకపోవచ్చును. అందుకు ముందుగానే క్షమాపణ చెప్పుకొని, ఈ దిగువ అంశములు మనవి చేసుకొనుచున్నాను.

1. సదరు ఆర్షియా వయసు పంతొమ్మిది. తండ్రి మహబూబ్ బాషా ఎర్రగుంట్ల పక్కన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వీరి ఊరు గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిపోగా, కొండాపురం పక్కన పునరావాస కాలనీలో ఉంటున్నారు. ఆ కాలనీకి రోడ్లు బాగా వేశారు గానీ వాటి మీద తిరిగే బండ్లు తక్కువ. ఐదు వేల మీటర్ల పరుగు నేర్పడానికి అంతకన్నా మంచి మైదానం నా ముప్పై మూడేళ్ల సర్వీసులో దొరకలేదు. ఈ అమ్మాయిని ఆరో తరగతి నుంచి పరిగెత్తించింది నేనే. కాళ్లు, ఊపిరి, మొండితనం అన్నీ ఆమెవి. నేను చేసిందల్లా స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడి కేకలు వేయడం. కేకలు వేయడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నాకు సాటి లేరు. ఆ సంగతి మూడో అంశంలో తేలుతుంది.

2. గత నవంబరులో కొలంబోలో జరిగిన ఆహ్వాన పోటీలకు ఆమె ఎంపికైనది. వెంట మేనేజర్‌గా ఒకరు వెళ్లవలెను. అందుకు నాకున్న అర్హత ఒక్కటే, పాస్‌పోర్టు. ఓటరు కార్డులో ఎవరిదో మీసాల ఫోటో పడిందని, నేను నేనేనని చూపించుకోవడానికి ఒకటి ఉండాలని ఆరేళ్ల కిందట తీసుకున్నాను. అప్పటిదాకా దానిలో ఒక్క ముద్ర కూడా పడలేదు. బయలుదేరేటప్పుడు ప్రవర్తన నియమావళి అని పద్నాలుగు పేజీలు చేతిలో పెట్టారు. విమానంలో ఆర్షియా చేత దానిని రెండుసార్లు చదివించి, "అర్థమైందా అమ్మా? మనం పోతాండేది పరాయి దేశం. నీ వల్ల మనకు మాట రాకూడదు" అని హెచ్చరించాను. "సరే సార్" అన్నది. నేను మాత్రం చదవలేదు. నా కళ్లజోడు పైన పెట్టిన సంచిలో ఉండిపోయింది, లేచి తీసుకోవడానికి బెల్టు విప్పడం తెలియలేదు.

3. ఈ అంశం తమకు అర్థం కావలెనంటే మా పక్క బండలాగుడు పోటీల గురించి ఒక మాట చెప్పాలి. తిరునాళ్లలో ఎద్దుల జత బండను లాగుతుంది. చివరి నిమిషాల్లో ఎద్దులు డీలా పడితే జనం చూస్తూ కూర్చోరు. తువ్వాళ్లు తిప్పుతూ, ఈలలు వేస్తూ పక్కన పరిగెత్తుతారు. కదలకుండా కూర్చున్నవాడిని జత యజమాని ఏడాదంతా గుర్తుపెట్టుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆ పోటీలకు మైకులో వ్యాఖ్యానం చెప్పేది నేనే. ప్రతి ఏడూ చివరి జతకు మైకు పక్కన పడేసి నేను కూడా పరిగెత్తుతాను. మా ఊళ్లో దానిని ఎవరూ తప్పు పట్టలేదు, పైగా శాలువా కప్పారు.

కొలంబోలో ఆఖరి చుట్టు గంట కొట్టినప్పుడు ఆర్షియా మూడో స్థానంలో ఉంది. ఇంకా మూడు వందల మీటర్లు ఉందనగా ఆమె భుజాలు బిగుసుకోవడం కనబడింది. ఆ తరువాత జరిగినది నాకు సరిగా గుర్తులేదు, వీడియోలో చూసి చెబుతున్నాను. బట్టతల గల ఒక వ్యక్తి కంచె దాటి లోపలికి దూకి, గడ్డి మీద ఆమె పక్కన పసుపు తువ్వాలు తిప్పుతూ, "వదలొద్దు, వదలొద్దు, ఇంగ రోంత దూరమే" అని అరుస్తూ పరిగెత్తుతున్నాడు. ముందు పోతున్న పరాయి దేశపు అమ్మాయి ఆ తువ్వాలుకు బెదిరి పక్క గీతలోకి పోయింది. సదరు వ్యక్తిని నేనే. అరవై నాలుగో ఏట డెబ్బై మీటర్లు పరిగెత్తాను. ఆ పోటీలలో మన జిల్లాకు మిగిలిన రికార్డు అదొక్కటే.

4. నన్ను ఆపడానికి ఒక న్యాయనిర్ణేత చేతులు చాచి ఎదురు వచ్చారు. మా తిరునాళ్లలో అట్లా ఎదురు వచ్చేవాళ్లు కేకలకు తోడు కలవడానికి వస్తారు. అందుచేత నేను ఆయన చెయ్యి పట్టుకుని నాతోపాటు పరిగెత్తించబోయాను. ఆయన అందుకు సిద్ధంగా లేరు. ఇద్దరమూ నీళ్ల సీసాల బల్ల మీద పడ్డాము. ఆయన కళ్లజోడు విరిగింది. ఆర్షియా రెండో స్థానంలో ముగించిందని కిందపడి ఉండగానే విని, పడుకునే చప్పట్లు కొట్టాను. వీడియోలో అది కూడా ఉంది, దానిని మా బంధువులందరూ చూశారు.

5. పతకం ఇవ్వకుండా ఆపి, నన్ను ఒక గదిలోకి తీసుకుపోయారు. ఇక్కడ జరిగిన దాని గురించి నా మొదటి రెండు అర్జీలలో "భాష తెలియనందున విచారణలో పొరపాటు దొర్లినది" అని వ్రాసి ఉన్నాను. నాకు ఇంగ్లీషు తెలుసు. వాళ్లు నిదానంగానే అడిగారు. నా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. రెండు గంటలు కూర్చోబెట్టారు. పడిపోయిన పెద్దమనిషి ఫిర్యాదు ఇస్తే పోలీసులు వస్తారని చెప్పారు. ముప్పై మూడేళ్లు పిల్లలను వరుసలో నిలబెట్టి, "భయపడొద్దు, ఎవరు చేసినారో నిజం చెప్పు" అని గద్దించినవాడిని. అక్కడ మాత్రం బల్ల మీది పాస్‌పోర్టునే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఒక్క ప్రశ్న అడిగారు. పక్కన పరిగెత్తమని క్రీడాకారిణి ముందుగా మీతో చెప్పిందా అని.

6. చెప్పింది అన్నాను.

ఆరో అంశం ఇంతే. దీనిని ఆఫీసు భాషలో ఎట్లా వ్రాయాలో నాలుగు కాగితాలు చించినా నాకు చేతకాలేదు. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. పరిగెత్తేటప్పుడు నా వైపు చూడనైనా లేదు. చిన్నపిల్ల కదా, మందలించి వదిలేస్తారులే అనుకున్నాను. వాళ్లు వ్రాసుకున్న దాని కింద సంతకం కూడా పెట్టాను. బయటికి వస్తే వరండాలో బూట్లు చేత పట్టుకుని నిలబడి ఉంది. "ఎంతసేపు కూర్చోబెట్టిరి సార్. నీళ్లన్నా తాగినారా?" అని తన సీసా ఇచ్చింది. తాగాను.

7. తదుపరి వచ్చిన ఉత్తర్వులో, మేనేజర్ వాంగ్మూలం ప్రకారం క్రీడాకారిణి ముందస్తు పథకంతో బయటి సాయం పొందినదని, విదేశంలో దేశానికి తలవంపులు తెచ్చిన క్రీడాకారులు బాధ్యత వహించక తప్పదని చెప్పి రెండేళ్లు నిషేధించారు. బాధ్యత ఉండవలసిందే, దానిపై నాకు అభ్యంతరం లేదు. అది పోయి సరైన మనిషిని పట్టుకోలేదనే నా మొర. నా గురించి అదే ఉత్తర్వులో "విచారణకు సహకరించినారు" అని ఒక మెచ్చుకోలు వాక్యం ఉన్నది. ఆ వాక్యాన్ని నా భార్య శకుంతలమ్మ గట్టిగా రెండుసార్లు చదివి, "ఆ పాపను ఎద్దనుకుంటివా, ల్యాకుంటే నువ్వే ఎద్దువైతివా?" అని అడిగింది.

నిజం చెప్పడానికి మూడుసార్లు కాలనీకి వెళ్లాను. మహబూబ్ బాషా లేచి కుర్చీ వేసి, "ఆ పాప తెలిసీ తెలీక ఏదో చేసింటాది సార్. మీకు చెడ్డపేరు తెచ్చింది. మనసులో పెట్టుకోవద్దండి" అని తిరిగి నాకే క్షమాపణ చెప్పాడు. అతని భార్య హజరాబీ సేమియా పాయసం పెట్టింది. తిని వచ్చాను. మూడుసార్లూ తిన్నాను.

ఆర్షియా పరుగు మానేసి ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో చేరింది. పొద్దున పది నుంచి నిలబడే పని. పోయిన వారం అక్కడికి వెళ్లాను. నన్ను చూసి, "రాండి సార్. మేడమ్‌కు చీరా?" అన్నది. కాదనలేక పది చీరలు విప్పించాను. ఆమె మళ్లీ మడత పెడుతుండగా అడిగాను.

"ఆర్డరు చదివినావా అమ్మా?"

"చదివినా సార్."

"మరి నేను చెప్పింది అబద్ధమని మీ నాయనకు చెప్పలేదే?"

"చెప్తే మా నాయన వచ్చి మీ ఇంటి ముందర గొడవ పెట్టుకుంటాడు సార్. అప్పుడు మీరు కాలనీకి రావడం మానుకుంటారు. రెండేండ్లు అయినాక నాకు ఎవరు టైము పట్టేది?" అన్నది. చీర మడత మాత్రం కుదరలేదు, మళ్లీ విప్పింది.

అయ్యా, నేను ఆ అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెప్పుల దగ్గర ఉన్న వాచ్‌మన్ మంచినీళ్లు తెచ్చి, చీరల ధరలు ఇప్పుడు అందరికీ ఇట్లే ఉన్నాయని ఓదార్చాడు.

8. రెండో అర్జీ సంగతి కనుక్కోవడానికి తమ కార్యాలయానికి వచ్చినప్పుడు సెక్షనులో తనూజ గారు నాపై దయతో ఫైలంతా తిరగేసి, "మేనేజర్లకు కాలమ్ ల్యా సార్. నిషేధం ఆటగాళ్లకే ఉండాది. మీరు ఆటగాడైతే చెప్పండి, ఈ పొద్దే ఎక్కిస్తా" అన్నారు. ఆమె సరదాకు అన్నారేమో, నాకు దారి దొరికినట్లయినది. వెటరన్ల విభాగంలో ఆటగాడిగా నమోదు కావడానికి దరఖాస్తు నింపాను. ఆరోగ్య ధ్రువపత్రం కోసం ప్రొద్దుటూరు డాక్టర్ ఫిర్దోస్ గారి దగ్గరికి పోతే, "ఈ మోకాళ్లతో పరిగెత్తొద్దని రాస్తా గానీ, పరిగెత్తమని యాడ రాసేది సార్?" అన్నారు. పరిగెత్తడానికి కాదు, నిషేధించబడడానికి అని వివరించాను. ఆమె నా బీపీ చూశారు.

9. ఇందులో తొందర ఏమిటంటే, ఆర్షియా జూనియర్ వయసుకు ఇదే ఆఖరి ఏడాది. రాష్ట్ర పోటీల ఎంట్రీలు ఈ నెల ఇరవై ఎనిమిదితో ముగుస్తాయి. వాటిలో పరిగెత్తితేనే ఆమెకు స్పోర్ట్స్ హాస్టల్ సీటు నిలుస్తుంది. రెండేళ్ల తరువాత నిషేధం తీరుతుంది గానీ, అంగట్లో నిలబడిన కాళ్లకు ఆ పరుగు తిరిగి రాదు. ఈ మాట ముప్పై మూడేళ్ల అనుభవం మీద చెబుతున్నాను. నా అనుభవంలో పనికి వచ్చేది ఇదొక్కటే మిగిలింది.

కావున తమరు దయయుంచి,

అ) నా వాంగ్మూలం అబద్ధమని నమోదు చేసి, ఆర్షియాపై నిషేధమును ఇరవై ఎనిమిదవ తేదీలోపు ఎత్తివేయవలెను.

ఆ) సదరు రెండేళ్లు నాపై వేయవలెను. అబద్ధమునకు విడిగా ఎన్నేళ్లు అవుతాయో లెక్క వేసి కలుపవలెను. నేను ఏ మైదానం గేటు దగ్గర కనిపించినా వెనక్కి పంపునట్లు నా ఫోటో అతికించవలెను. ఓటరు కార్డులోని ఫోటో మాత్రం వాడవద్దు, ఆ మీసాలాయన నిర్దోషి.

ఇ) కాలమ్ లేనియెడల ఒక కాలమ్ గీయవలెను. స్కేలు, పెన్సిలు నేను తెచ్చుకుంటాను.

ఒక వ్యాయామోపాధ్యాయుడు తన తప్పును తానే వరుసలోంచి ముందుకు వచ్చి ఒప్పుకున్నాడని తమరు చిత్తగించవలెను. ఆలస్యంగా వచ్చినందుకు వేయవలసిన శిక్ష కూడా అందులోనే కలిపి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, శిక్షార్హుడు,
బాలసుబ్రహ్మణ్యం

జతపరచినవి: వీడియో ఉన్న పెన్‌డ్రైవ్, వెటరన్ల దరఖాస్తు, పరిగెత్తరాదని వైద్య ధ్రువపత్రం, కొలంబో న్యాయనిర్ణేత గారికి వ్రాసిన క్షమాపణ లేఖ నకలు.

తా.క.: ఇది చేతితో రాస్తున్నాను సార్. పైదంతా టైపు చేసిన అన్సర్ ఆర్షియాకు మేనమామ కొడుకని నాకు తెలియదు. వాడు చదివి చెప్పేశాడు. ఈ పొద్దు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ అర్జీ ఇయ్యొద్దు సార్. మీ పేరు పేపర్లో పడితే ఇంగ ఎవురూ పిల్లోల్లను మీ దగ్గరికి పంపరు. నేనే ఆఫీసుకు పోతా. సార్‌ను పరిగెత్తమని నేనే చెప్పినా, తప్పు నాదే, రోంత తగ్గిచ్చండి అని అడుగుతా. రెండేండ్లది ఒక ఏడు చేసినా శానా మేలు" అన్నది.

వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఎనిమిదేళ్లలో నా మాట కాదనడం ఇదే మొదలు. రేపో ఎల్లుండో తమ దగ్గరికి వస్తుంది, వచ్చి ఇట్లే చెబుతుంది. నమ్మొద్దు సార్. కొలంబోలో నేను చెప్పిన అబద్ధం నన్ను కాపాడుకోవడానికి. ఇప్పుడు ఆ పిల్ల చెప్పబోయేది కూడా నన్ను కాపాడడానికే. ఈసారి కాపాడనివ్వకండి.