పేరమ్మ పడవ మీద పేరు

జువ్వలదిన్నె

నూర్జాన్‌కు,

సలాం. అల్లా దయవల్ల నేనూ, నీ కోళ్లూ, పెరట్లో మునగచెట్టూ కులాసా. మద్రాసులో నువ్వూ, బాలింత సాహిరా, మన మనవరాలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం వేళకు తింటున్నాను. చేపల పులుసు మాత్రం నీ చేతిలా కుదరడం లేదు, పులుపు ఎక్కువవుతోంది. చేతిరాత క్లాసుకు పిల్లలు బాగానే వస్తున్నారు. ఫోన్లు వచ్చాక రాత ఎవరికి కావాలని నన్ను ఆటపట్టించేదానివి కదా, ఇప్పుడు వసారాలో చాప చాలడం లేదు.

ఇక అసలు ప్రశ్న. పోయిన ఉత్తరం నా దగ్గర నేర్చుకునే కౌసర్ చేత ఎందుకు రాయించానని అడిగావు. కళ్లకలక అని ఫోనులో చెప్పాను. అది అబద్ధం నూర్జాన్. నా కుడిచెయ్యి వణుకుతోంది. నెల్లూరు డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ప్రాణానికేం భయం లేదు గానీ ఆ చేత్తో ఇక కుంచె పట్టలేనన్నాడు. పురిటింట్లో ఉన్నదానివి, కంగారుపడతావని దాచాను. ఏళ్ల తరబడి ఈ రేవులో పడవలకు పేర్లు రాసిన చెయ్యి. ఏడ్చాను కూడా. తర్వాత పిల్లల పక్కనే చాప మీద కూర్చుని, ఎడమచేత్తో సున్నాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. "బాగలేదు సార్, మళ్లీ రాయండి" అని నవ్వారు. నేను రోజూ వాళ్లతో అనే మాటే అది.

మొన్న పేరమ్మ వచ్చింది. కొత్త పడవకు, చనిపోయిన భర్త ముత్యాలయ్య పేరు రాయాలట. పేరు రాయందే పడవ నీళ్లలోకి దిగదు. ఎడమచెయ్యి అశుభమని ఆమె ఒక్క మాట అంటే ఈ రేవులో నాకిక పని ఉండదు. అయినా ఉన్నమాట చెప్పేశాను.

ఆమె నా చేతులకేసి చూసి, "వల లాగేది రెండు చేతుల్తోనే గదన్నా! మా ఆయన ఒంటిచేత్తో ఏం పట్టినాడని? రాయన్నా" అంది.

రాశాను. చివరి వత్తు దగ్గర కాస్త వంకర పోయింది. తుడవబోతే పేరమ్మ ఒప్పుకోలేదు.

"ఉండనీన్నా, ఆయన నడక కూడా అట్నే ఉండేది" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నిన్న పొద్దున్నే పడవ నీళ్లలోకి దిగింది.

ఈ ఉత్తరం కూడా ఎడమచేతిదే. పొద్దంతా పట్టింది. వంకరలు చూసి నవ్వుకో, ఏం ఫరవాలేదు. మనవరాలికి పేరు పెట్టగానే మాత్రం చెప్పు. ఉయ్యాల మీద నేనే రాస్తాను.

ఇట్లు,
నీ చోటే సాహెబ్,
సాహిరా బిడ్డకు తాత