ఉప్పు దొర చెరువులో రూపాయి

వజ్రపుకొత్తూరు
14-5-2002

బాబూ ధర్మారావు, అమ్మ దీవించి రాస్తున్న కార్డు. మేము ప్రాణాలతో ఉన్నాము. తెల్లవాళ్ళ కాలంనాటి ఉప్పు దొర బంగళా చెరువులో రాణి బొమ్మ వెండి రూపాయి దొరికిందని విని, నువ్వూ వెతకడానికి సెలవు పెట్టి వస్తానని పక్కింటి సుమన్‌కి ఫోనులో చెప్పావట. రావద్దు బాబూ.

అది మన వీధి బాబ్జీకి దొరికింది. పరుగెత్తుకెళ్ళి చూశాను. దానికి బెజ్జం ఉంది. అది మీ తమ్ముడు ఢిల్లేశు మొలతాడుది. దిష్టి తగలకుండా మా అమ్మ ఇచ్చిన రూపాయికి కంసాలి చేత బెజ్జం పెట్టించి, వాడి చిన్నప్పుడు నేనే కట్టాను. పోయినేడు దొరలు పోతూ ఆ చెరువులో పడేశారన్న ఇత్తడి సామాను కోసం దిగి వాడు మునిగిపోయినప్పుడు, పైకి తీసిన ఒంటి మీద మొలతాడు లేదు.

"ఇది నా కొడుకుదిరా, బెజ్జం సూడు" అన్నాను.

"దొరల సొమ్ముకి బెజ్జాలుండవేటి పెద్దమ్మా? అడుగున బిందెడుంటాయి, నువ్వు ఇంటికెల్లిపో" అని నవ్వాడు.

ఇప్పుడు ఊరంతా ఆ బురదలోనే ఉంది. గట్టు మీద నుంచి అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒక్కరూ వినలేదు.

పాపకి దగ్గు తగ్గిందా? మీ నాన్న కాళ్ళు మళ్ళీ వాచాయి, అన్నం సయించడం లేదు. జీడిపిక్కలు తోటలోనే రాలి ఉన్నాయి, ఏరే ఓపిక నాకు లేదు. కోడలికీ పాపకీ నా దీవెనలు చెప్పు.

ఎవరు ఏమి చెప్పినా నమ్మి దిగకు. ఆ చెరువులో ఉన్న రూపాయి అదొక్కటే. అది నేను కట్టిందే.

మీ అమ్మ
కామాక్షమ్మ