నేల తాకని కావడి

ప్రియమైన బావమరిదికి,

ఫోన్ చేయొచ్చుగా అంటావని తెలుసు. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో లేతు మిషను మోత పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్లో నువ్వు చెప్పే సాకులు సగమే వినబడతాయి. కాగితం మీదైతే పూర్తిగా చదువుకోవచ్చు.

విషయానికి వస్తాను. ఈసారి నదికి వెళ్దాం. మీ అక్క ఆసుపత్రిలో మూడు వారాలు కళ్లు తెరవనప్పుడు, ఒక కావడి అప్పుడే మోస్తానని, ఆమె లేచి తిరిగితే ఇంకోటి మోస్తానని మొక్కుకున్నాను. మొదటిది ఆమె మంచం మీద ఉండగానే మనిద్దరం కలిసి తీర్చాం. ఇరవై రెండేళ్లయింది, రెండోది అలాగే ఉండిపోయింది. నిలువు కావడి ఒక్కడు మోసేది కాదు. నది దగ్గర రెండు చెంబులూ నింపినప్పటి నుంచి గుడి మెట్లెక్కేదాకా నేల తాకకూడదు. నేను తింటుంటే నీ భుజం మీద, నువ్వు కునుకు తీస్తుంటే నా భుజం మీద ఉండాలి.

ఆ ఆరు రోజులు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. నీ పాదాల బొబ్బలు లెక్కపెట్టి, ఇన్ని బొత్తాలు ఏ చొక్కాకీ కుట్టలేదన్నావు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేలా నవ్వాం. ఏమంటావు?

నీ బావ

*

ప్రియమైన బావకి,

ఉత్తరం అందింది. అక్క ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

బళ్లు తెరిచే రోజులు. మూడు బళ్ల యూనిఫారాలు నా నెత్తిన ఉన్నాయి. షాపులో కాలు పెట్టే చోటు లేదు, కత్తెర ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికే పూట గడుస్తోంది. మా ఆవిడ ఇవతల రుసరుసలాడుతోందని రాయడం కూడా నీకు అలవాటైన సాకే, అందుకే రాయడం లేదు. మీ వర్క్‌షాపులో పనిచేసిన కుర్రవాళ్లలో భుజబలం ఉన్నవాళ్లు లేరా?

బొబ్బల సంగతి నాకూ గుర్తే. నువ్వు నడుస్తూ నడుస్తూనే నిద్రపోయి, నా వీపుకి గుద్దుకుని, "సిగ్నల్ పడిందా?" అనడం కూడా గుర్తే. అలాంటి రోజులు మళ్లీ రావు బావా. రానివ్వకపోవడమే మంచిది.

మీ బావమరిది

*

బావమరిదికి,

ప్రియమైన అని రాయలేదు, చూసుకో. కోపం వచ్చింది.

యూనిఫారాలట. ఇరవై రెండేళ్లుగా బళ్లు తెరుస్తూనే ఉన్నారు. ఒక ఏడు పెళ్లి బట్టలు, ఒక ఏడు మిషను రిపేరు. వచ్చే నెల నా మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత వీధి చివరిదాకా నడిస్తే గొప్పేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఈసారి కాకపోతే ఆ మొక్కు నాతోనే పోతుంది. వేరేవాళ్ల భుజం నాకొద్దు. ఆ రోజు మీ అక్క కోసం నాతో పాటు ఏడ్చినవాడి భుజమే కావాలి.

రానంటే రానని రాయి. ఎందుకో కూడా రాయి.

బావ

*

ప్రియమైన బావకి,

ఎందుకో రాస్తున్నాను. చదివాక నన్ను బావమరిది అని పిలవాలో లేదో నువ్వే తేల్చుకో.

నాలుగో రోజు మధ్యాహ్నం నువ్వు స్నానానికి వెళ్లావు. సెలవులకి మూసిన బడి వరండాలో నేను కావడితో నిలబడ్డాను. పొద్దుటి నుంచీ నాకు జ్వరం. చెబితే ఆగుదామంటావని చెప్పలేదు. గోడకి ఆనుకున్నంతవరకే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి కూలబడి ఉన్నాను, ఎడమవైపు చెంబు నేల మీద దొర్లుతోంది. చుక్క కూడా మిగల్లేదు.

వెనక్కి నదికి వెళ్తే నాలుగు రోజులు. అక్క అన్ని రోజులు ఉంటుందో ఉండదో తెలియదు. చెంబుకి అంటిన మట్టి చొక్కాతో తుడిచి, బడి కుళాయి దగ్గర నింపేశాను. అంతలో నువ్వొచ్చావు. కావడి అందుకుంటూ ఆ చెంబునే కళ్లకద్దుకున్నావు. అప్పుడే చెప్పాల్సింది బావా. చెప్పకుండా నీ వెనకే నడిచాను.

అక్క లేచింది. నేను మీ ఇంటికి వచ్చినప్పుడల్లా అక్కడున్నవాళ్లందరితో, "మా తమ్ముడు మోసుకొచ్చిన నీళ్లతోనే బతికాను" అనేది. ఆ మాట వింటూ కూర్చోలేక మీ ఇంటికి రావడమే తగ్గించాను. ఆమెకి చిన్నపాటి తలనొప్పి వచ్చిందన్నా ఆ కుళాయి నీళ్ల వల్లేననుకునేవాణ్ణి. దేవుణ్ణీ నిన్నూ కలిపి మోసం చేసినవాణ్ణి మళ్లీ అదే కావడి కిందికి పిలవకు.

తమ్ముడినని అక్కకి చెప్పుకోలేని నేను

*

ప్రియమైన బావమరిదికి,

రెండు వారాలు జవాబు రాయలేదు. రాయాలనిపించలేదు. మన కావడి ఒక్కసారి కూడా నేల తాకలేదని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ణి. నీ ఉత్తరం దిండు కింద దాచుకుని మూడు రోజులు మళ్లీ మళ్లీ చదివాను. నాలుగో రోజు మీ అక్క నా చేతిలోంచి లాక్కుని చదివింది.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. చెంబు సంగతే ఎత్తలేదు. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని, "వాడు ఇందుకా రావడం మానేశాడు? ఆసుపత్రి మంచం మీద విసుగులో వాణ్ణి ఏదో మాట అనుంటానని ఇన్నేళ్లూ అనుకున్నాను" అంది. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఊరుకోలేకపోయాను. నువ్వు నీ తప్పు దాచుకుంటే, ఆమె లేని తప్పు మోసిందిరా.

తప్పు తప్పే, కాదని నేననను. నాకింకా కాస్త కోపం ఉంది, అదీ దాచను. కానీ ఆపరేషన్ దగ్గర పడింది, ఆగడానికి లేదు. నది దగ్గర బయలుదేరి ఇది మూడో రోజు. ఒక్కడినే అనుకుంటున్నావేమో. నేనిది రాస్తుంటే కావడి మీ అక్క భుజం మీద ఉంది. వయసు చూసుకోమంటే, "నాకోసం మోసినవాళ్లకి అప్పుడు వయసు అడ్డం రాలేదు" అని నా నోరు మూయించింది. కాకపోతే ఆమె భుజం కమిలిపోయింది. పైకి చెప్పదు, పమిట సర్దుకుంటున్నట్టు చేయి వేసుకుని నొక్కుకుంటోంది. రేపు దాటి మోయలేదు.

ఈ ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను, సాయంత్రానికి నీకు అందుతుంది. రేపు పది గంటలకి మీ వీధిలోకి వస్తాం. స్నానం చేసి షాపు ముందు నిలబడు. కావడి ఆమె దగ్గర్నుంచి నేను అందుకోను. నా వంతు అయిపోయింది.

దారిలోంచి,
నీ బావ